నీళ్ళ బకెట్టు కూడా ఎత్తనివ్వలేదు

జూన్ 3

మావయ్యకి,

పాసయ్యాను! సర్టిఫికెట్ నా పెట్టెలో, బట్టల మధ్య, మడత పడకుండా పెట్టుకున్నాను. ఇప్పుడు నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. నర్సుని కాదు. ఈపాటికి నువ్వు వీధి వీధంతా 'మా మేనకోడలు నర్సు' అని చాటింపు వేసి ఉంటావు, నాకు తెలుసు. నర్సు సూదులు వేస్తుంది, మందులిస్తుంది. నేను మనిషిని లేపి కూర్చోబెడతాను, స్నానం చేయిస్తాను, తినిపిస్తాను, బెడ్‌పాన్ పెడతాను, తీస్తాను. ఈ చివరిది వీధిలో చెప్పకపోయినా పర్లేదు.

పరీక్షలో ఏం చేయించారో తెలుసా? మంచం మీద మనిషి పడుకుని ఉండగానే కింద దుప్పటి మార్చాలి. నాకు పేషెంటుగా నా రూమ్మేట్‌నే పడుకోబెట్టారు. దాన్ని ఇక్కడ అందరూ తుమ్ములు అంటారు. ఉతికిన దుప్పటి వాసన తగిలితే చాలు, తుమ్ముతుంది. నేను దాన్ని ఒక పక్కకి తిప్పగానే మొదలెట్టింది. నేను కంగారుపడకుండా వీపు మీద చెయ్యి వేసి, తుమ్ములన్నీ అయ్యాక మళ్ళీ తిప్పాను. అది చూసే ఎక్కువ మార్కులు వేశారట.

కొత్త బ్యాచ్ వచ్చేదాకా హాస్టల్లో ఉండనిస్తారు. ఆలోపు ఉద్యోగం దొరకాలి. దొరక్కపోతే మన ఒప్పందం ప్రకారం మళ్ళీ షాపుకొచ్చి నీ పక్కన కూర్చుని కాజాలు కుట్టాలి, ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు. గుర్తుంది. మావయ్యా, నువ్వు ఏమనుకున్నా సరే, నాకు కాజాలంటే పగ. నాకు ఈ పనే కావాలి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. నువ్వు షాపులో ఫోనెత్తితే కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరూ చెవులు రిక్కించుకుని నిలబడతారు. ఇక్కడ ఫోను వార్డెన్ బల్ల మీద ఉంటుంది, ఆవిడ ఇంకా శ్రద్ధగా వింటుంది. ఉత్తరమే నయం.

అన్నట్టు, ఎవరైనా నా గురించి కనుక్కోవడానికి షాపుకి ఫోన్ చేస్తే కాస్త మంచిగా చెప్పు. నీ నంబరే ఇచ్చాను. అమ్మా లేదు, అత్తా లేదు, నాకు ఇంకెవరున్నారు?

ఉంటాను,
నీ పిచ్చుక


జూన్ 9

పిచ్చుకకి మావయ్య ఆశీస్సులు.

నా మోకాలు తప్ప ఇక్కడ అందరం కులాసా. పాసయ్యావు, సంతోషం. ఇస్త్రీ బండి అతనికి చెప్పాను, అతను రోడ్డు మీద పోయే ప్రతివాడికీ చెప్పాడు. నర్సు అనే చెప్పాను. నువ్వు రాసిన పేరు అంత పొడుగ్గా ఉంటే నోరు తిరగదు.

స్కూళ్ళు తెరిచే రోజులు కదా, నాకు ఊపిరి సలపట్లేదు. అన్నీ యూనిఫారాలే. పిల్లలు సెలవుల్లో ఎదిగిపోయారని తల్లులు పాత ప్యాంట్లు తెచ్చి కింద మడత విప్పమంటారు. మడతలో గుడ్డ ఉంటే కదా విప్పడానికి! నువ్వు వెళ్ళాక కాజాలకి ఒక ఆవిడని పెట్టుకున్నాను. ఆవిడ కుట్టిన కాజాలో గుండీ దూరదు, దూరితే బయటికి రాదు.

నీ ఉత్తరంలో చివరి ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. అసలు సంగతంతా చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, 'అన్నట్టు' అని దూర్చావా! నాకు అర్థమైందిలే. మీ అత్త బతికున్న రోజుల్లో ఆ మాటెత్తితే చాలు, విసుక్కుని గదిలోంచి లేచిపోయేదానివి. ఇప్పుడు నువ్వే నా నంబరిచ్చావంటే మనసు కుదిరిందన్నమాట. సిగ్గుపడకు. ఇవి పెద్దవాళ్ళు చూసుకోవలసిన విషయాలు. నువ్వు మళ్ళీ దాని గురించి రాయొద్దు, నేనూ రాయను. ఫోన్ వస్తే నేను చూసుకుంటాను.

వేళకి తిను.
మావయ్య


జూన్ 20

మావయ్యకి,

నీ ఉత్తరం తుమ్ములుకి కూడా చదివి వినిపించాను. ఇద్దరికీ సగమే అర్థమైంది. అత్త ఎప్పుడు ఆ మాటెత్తింది? నేను ఉద్యోగానికి వెళ్తానంటే మొదట కాదన్నది నువ్వు. అప్పటికి అత్త లేనే లేదు. పని ఒత్తిడిలో అన్నీ కలిపేస్తున్నావు. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చు.

సిగ్గు అన్నావు చూడు, అది మాత్రం నిజం. ఉద్యోగం అడగడం అంత తేలికేం కాదు. మొదట ఒక చిన్న ఆస్పత్రికి వెళ్ళాను. వరండా అంతా ఫినాయిల్ వాసన, గోడకి వరసగా చక్రాల కుర్చీలు. ఒకదానికి బ్రేకు పట్టదు, దాని కింద ఇటుక ముక్క పెట్టారు. నన్ను ఒకాయన్ని మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చమన్నారు. ఏం చేయబోతున్నానో ముందు ఆయనకి చెప్పాను, చెప్పులు తొడిగాను, కుర్చీ బ్రేకు వేశాను, నడుముకి బెల్టు కట్టి లేపాను. అక్కడి నర్సు తలూపుతూ చూసింది. 'రేపటినుంచి రాగలవా' అని కూడా అడిగింది! కానీ చివరికి, 'ఒక్కసారి నీ గురించి కనుక్కుని కబురు చేస్తాం' అంది. మర్నాడు కబురొచ్చింది. వేరేవాళ్ళని తీసుకున్నారట.

రెండోది ఇళ్ళకి మనుషుల్ని పంపించే ఏజెన్సీ. అక్కడి మేనేజరు నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. రెండు రోజులాగి రమ్మంది. మళ్ళీ వెళ్తే, 'చేతులు చూస్తే పని చేసినవాళ్ళ చేతుల్లానే ఉన్నాయి, మరి...' అని ఆగిపోయింది. 'మరి ఏంటి మేడమ్?' అన్నాను. 'ఏం లేదమ్మా' అని ఫైలు మూసేసింది. ఆ 'మరి' ఏంటో నాకు బుర్ర బద్దలు కొట్టుకున్నా తెలియట్లేదు. మొహం మీద బొట్టు చెరిగిందా, బట్టలు బాలేవా, మాట దురుసుగా వచ్చిందా అని అద్దం ముందు నిలబడి ఇంటర్వ్యూ అంతా మళ్ళీ చెప్పుకున్నాను. అందులో తప్పేం కనిపించలేదు.

మోకాలికి వేడి కాపడం పెట్టు. కుట్టు మిషను తొక్కేటప్పుడు కాళ్ళు మార్చు.

పిచ్చుక


జూన్ 27

పిచ్చుకా,

కాపడం పెట్టాను. కాళ్ళు మార్చి తొక్కితే చొక్కా చెయ్యి వంకర పోయింది. ఇంక నీ వైద్యం నాకొద్దు.

ఉద్యోగం రాలేదని బెంగ పెట్టుకోకు. ఒకటి కుదిరితే రెండోదానికి అంత తొందరేం ఉండదు. ఇంతకంటే చెప్పను, మనం రాసుకోకూడదనుకున్నాం. ఫోన్లు వస్తున్నాయి. నేను ఏం చెప్పానో అడగకు. నీ మీద ఈగ వాలనివ్వలేదు, అంతే. నేను మాట్లాడుతుంటే షాపులో ఉన్న ఆవిడ, యూనిఫారం కోసం వచ్చినావిడే, 'ఎంత బాగా చెప్పారండీ, మా అమ్మాయి గురించి కూడా మీరే మాట్లాడాలి' అంది.

కాజాల ఆవిడ మానేసింది. నేనే కుట్టుకుంటున్నాను. నిన్ను గుర్తు చేసుకోలేదు, ఊరికే రాశాను.

మావయ్య


జూలై 5

మావయ్యా,

'ఒకటి కుదిరితే' అని ఏంటది? ఏం కుదురుతోంది? నాకైతే ఏదీ కుదరట్లేదు. ఫోన్లు వస్తున్నాయన్నావు, నువ్వు మంచిగా చెప్పావన్నావు, మరి ఎందుకు అందరూ మొహం తిప్పుకుంటున్నారు? నాకు పిచ్చెక్కుతోంది.

మూడో చోట ఏం జరిగిందో విను. పెద్ద ఆస్పత్రి. పరీక్షలా పని చేయించి చూశారు, బాగుందన్నారు. తర్వాత పిలిచి, 'నువ్వు చాలా సుకుమారంగా పెరిగావటగా, ఇంటిపని కూడా అలవాటు లేదటగా, ఇక్కడ నిలబడలేవమ్మా' అన్నారు. నేను! సుకుమారం! 'ఎవరు చెప్పారు సార్?' అంటే, 'తెలిసినవాళ్ళే చెప్పారు' అన్నారు. అక్కడ నేను తెలిసినవాళ్ళు ఎవరు? ఒక్క తుమ్ములే. అది నాకంటే ముందురోజు అక్కడికే వెళ్ళింది. దానికి ఉద్యోగం వచ్చింది.

అడిగేశాను. 'నా గురించి ఏం చెప్పావే' అని. అది ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, రెండింటి మధ్యా తుమ్మింది. 'నేను చెప్పలేదు మొర్రో' అన్నా నేను నమ్మలేదు. మంచం గోడవైపుకి లాక్కున్నాను. ఒకే గదిలో ఉంటూ ఇద్దరం మాట్లాడుకోవట్లేదు. కొత్త బ్యాచ్ వాళ్ళ పరుపులు వచ్చి వరండాలో దొంతరగా ఉన్నాయి. వాటి పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ఎన్ని వచ్చాయో లెక్కపెడుతున్నాను.

ఇంక మిగిలింది ఒక్కటే చోటు. ముసలివాళ్ళు ఉండే హోమ్. మావయ్యా, అది చూస్తే నువ్వు కూడా ఇష్టపడతావు. పొడుగాటి వసారా, మధ్యాహ్నం ఎండ మంచాల కాళ్ళదాకా వస్తుంది. అక్కడి పెద్దనర్సు తక్కువ మాట్లాడుతుంది. నన్ను ఒక పెద్దావిడ దగ్గర కూర్చోమంది, ఇది చెయ్యి, అది చెయ్యి అని ఏం చెప్పలేదు. ఆవిడ జుట్టు చిక్కుపడి ఉంది. 'దువ్వనా అమ్మమ్మా' అన్నాను. 'వద్దు, లాగుతారు అందరూ' అంది. కుదుళ్ళ దగ్గర పట్టుకుని, చివర్ల నుంచి మొదలుపెట్టాను. అత్తకి అలాగే దువ్వేదాన్ని. ఆవిడ నిద్రపోయింది. పెద్దనర్సు గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయింది. 'కొన్ని చోట్ల కనుక్కోవాలి, టైము పడుతుంది' అంది. నాకు ఈ ఒక్కటీ వస్తే చాలు. ఇంకేం అడగను. ఇది కూడా పోతే పెట్టె సర్దుకుని వచ్చేస్తాను.

పిచ్చుక


జూలై 11

పిచ్చుకా,

రాసుకోకూడదనుకున్నాం గానీ ఇంక నావల్ల కాదు. నిన్న వచ్చిన ఫోనుకి నా ఒళ్ళు ఇంకా మండుతోంది. ఆస్పత్రుల వాళ్ళ సంబంధాలు మనకొద్దు. నువ్వు ఎవరిని చూసుకున్నావో నాకు తెలియదు, మంచివాడే అయ్యుంటాడు, కానీ వాళ్ళ తరఫు మాట్లాడేవాళ్ళు మాత్రం మనుషులు కారు.

మొదట ఫోన్ చేసింది ఒక ఆడమనిషి. 'ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాం, మీ అమ్మాయి గురించి కనుక్కుందామని' అంది. కుర్రాడు డాక్టరు కాబోలు అనుకుని మనసులోనే మీ అత్తకి చెప్పుకున్నాను. 'అమ్మాయి ఎలాంటిదండీ?' అంది. బంగారం అన్నాను. 'బరువులు ఎత్తగలదా?' అంది. కోడలు గడపలో కాలు పెట్టకముందే మూటలు మోయిస్తారా! 'దాని చేత నీళ్ళ బకెట్టు కూడా ఎత్తనివ్వలేదండీ' అన్నాను, కాస్త గట్టిగానే. 'అలాగా' అని పెట్టేసింది. మాట నచ్చినట్టుంది అనుకున్నాను.

రెండో ఆవిడ ఇంకో రకం. 'ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే చూసుకుందా?' అంది. ఇంట్లో రోగాలున్నాయేమోనని కూపీ లాగుతోందని కనిపెట్టాను. 'మా ఇంట్లో జబ్బన్న మాటే లేదండీ, అది ఎవరికీ చాకిరీ చేసి ఎరగదు, సుకుమారంగా పెంచుకున్నాం' అన్నాను. తర్వాత ఇంకొకాయన కూడా అదే అడిగాడు, అదే చెప్పాను. పైగా ఆయన, 'మధ్యలో వదిలేసి పోదు కదా, ఎన్నాళ్ళుంటుంది?' అన్నాడు. 'ఎన్నాళ్ళేంటండీ, మా ఇంటి ఆడపిల్లలు వెళ్ళాక మధ్యలో తిరిగొచ్చిన దాఖలా లేదు' అన్నాను.

ఇంక నిన్నటివాడు. మగ గొంతు. నమస్కారం లేదు, ఏం లేదు. 'ఆ అమ్మాయి రాత్రిళ్ళు ఉండగలదా?' అన్నాడు. నా చేతిలో కత్తెర ఉంది, వాడి అదృష్టం బాగుండి వాడు ఎదురుగా లేడు. 'నీకు అక్కచెల్లెళ్ళు లేరట్రా' అని మొదలుపెట్టి నాకు గుర్తున్న తిట్లన్నీ తిట్టాను. షాపులో కొలతలిచ్చే ఆయన టేపు మెడలో వేసుకుని అలాగే బయటికి వెళ్ళిపోయాడు.

అందుకని చెప్తున్నాను, ఈ పెళ్ళి మాట వదిలెయ్. ఆ కుర్రాడెవరో వాడికి కూడా చెప్పెయ్. ఉద్యోగం సంగతి దేవుడు చూస్తాడు.

మావయ్య


జూలై 15

మావయ్యా!

కుర్రాడెవడు? పెళ్ళెవరికి? నా కొంప ముంచావు కదా మావయ్యా!

ఫోన్ చేసి అరుద్దామని వార్డెన్ గది దాకా వెళ్ళాను. ఆవిడ చేతిలో పనంతా పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. వెనక్కొచ్చి రాస్తున్నాను.

వాళ్ళంతా ఉద్యోగమిచ్చేవాళ్ళు! అప్లికేషన్‌లో 'మీ గురించి తెలిసిన పెద్దల ఫోన్ నంబరు' అని అడుగుతారు. నీ నంబరు ఇచ్చాను. వాళ్ళు అడిగింది మనుషుల్ని ఎత్తగలదా అని. రోగుల్ని చూసిన అనుభవం ఉందా అని. ఉద్యోగంలో నిలబడుతుందా అని. ఆ రాత్రి డ్యూటీ గురించి అడిగినాయన ఏజెన్సీ ఫైల్లో నీ నంబరు చూసి చేసి ఉంటాడు, పాపం, ఆయన్ని అక్కచెల్లెళ్ళు లేరా అని అడిగావా! నేను దుప్పట్లు మార్చి, నడుములు పట్టి, చేతులు పడిపోయేలా పని చేసి చూపిస్తే, నువ్వు షాపులో కూర్చుని ఒక్కొక్క ఫోనుతో నా నోట్లో మట్టి కొట్టావు. తుమ్ములుని ఎన్నేసి మాటలన్నానో తెలుసా? దాని మొహం ఎలా చూడను?

సరే, తెలియక చేశావు. అది నేను మర్చిపోగలను. ఇంకో మాట మాత్రం నాకు గొంతు దిగట్లేదు. 'ఎవరికీ చాకిరీ చేసి ఎరగదు' అన్నావు. మరి అత్తని ఎవరు చూశారు మావయ్యా? అత్తకి ఎడమపక్క పడిపోయాక ఎవరు లేపారు, ఎవరు స్నానం చేయించారు? ఒంటికి పుండ్లు పడకుండా ఎవరు పక్క మార్చారు? డాక్టరు వచ్చి 'ఇంత శుభ్రంగా చూసిందెవరు' అంటే నువ్వు కిటికీలోంచి బయటికి చూశావు. అత్త పోయాక కూడా ఒక్కనాడు ఆ మాట ఎత్తలేదు. నీకు బాధ అనుకుని నేనూ ఊరుకున్నాను. నాకు ఈ పని చేతనవునని నాకు తెలిసింది ఆ మంచం దగ్గరే. అది నువ్వు లేదన్నావు, ఫోన్లో, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో. నాకు చాలా కోపంగా ఉంది, చాలా బాధగా ఉంది.

హోమ్ పెద్దనర్సు ఇంకా ఫోన్ చెయ్యలేదు. చేస్తే నిజం చెప్పు. పొగడకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు.

పిచ్చుక


జూలై 22

పిచ్చుకకి,

నీ ఉత్తరం వచ్చాక షాపు తలుపు సగం వేసి కూర్చున్నాను. ఇస్త్రీ అతను లోపలికి తొంగి చూసి, ఏమైందన్నాడు. తలనొప్పి అన్నాను.

నాకేం తెలుసు పిల్లా? నేను షాపులో మనిషిని పెట్టుకోవాలంటే ఒక కాజా కుట్టించి చూస్తాను. వాడి మేనమామకి ఫోన్ చేసి వాడెలాంటివాడని అడగను. అమ్మాయి ఎలాంటిదండీ అని ఎవరైనా అడిగితే, మన ఇళ్ళల్లో దానికి ఒక్కటే అర్థం. నేను పెద్దవాణ్ణి, నా బాధ్యత అనుకున్నాను.

మీ అత్త సంగతి. ఆడపిల్ల మంచంలో ఉన్న మనిషికి మలమూత్రాలు ఎత్తిందని సంబంధాల వాళ్ళకి చెప్తే వెనక్కి తగ్గుతారని భయం. అందుకే ఎవరి దగ్గరా అనలేదు. అలా అనకుండా అనకుండా నీ దగ్గర కూడా అనలేదు. ఇదీ నిజం. నాకు ఇంకా రాయడం చేతకాదు.

నువ్వు చెప్పినట్టే చేశాను, విను. మొన్న ఫోన్ వచ్చింది. పెద్దావిడ గొంతు. 'మీ అమ్మాయి గురించి' అనగానే ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. అమ్మాయి మంచం పట్టిన మనిషిని ఒక్కతే లేపుతుంది, స్నానం చేయిస్తుంది, బెడ్‌పాన్ అంటే మొహం చిట్లించదు, రాత్రిళ్ళు కూడా ఉంటుంది అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ హుషారుగా, 'మా అత్తగారు కూడా మంచంలోనే ఉందండీ, అయితే చూసుకుంటుందన్నమాట' అంది. ఎన్ని గంటలు చెయ్యాలి అన్నాను. 'గంటలేంటండీ?' అంది. జీతం ఎంత అన్నాను. 'ఇంటి మనిషికి జీతమేంటి?' అంది. ఇది నాకు నచ్చలేదు. 'ఇంటి మనిషి అయినా కానీ, వారానికి ఒక రోజైనా సెలవుండాలి, చేతికి గ్లౌజులు మీరే ఇవ్వాలి' అని గట్టిగా చెప్పాను. 'మీకు మతి ఉందా?' అని ఫోన్ పెట్టేసింది.

నిజమే చెప్పాను కదా, మరి ఎందుకు కోప్పడింది? వాళ్ళు ఆ హోమ్ వాళ్ళేనా? జీతం అడక్కూడదా? నాకు భయంగా ఉంది పిచ్చుకా. మంచిగా చెప్తే తప్పు, నిజం చెప్తే తప్పు. ఇంక ఫోన్ మోగితే వినపడనట్టు మిషను తొక్కుతున్నాను.

మావయ్య


జూలై 26

మావయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. ఆవిడెవరు? హోమ్ పెద్దనర్సుకి అత్తగారు ఉందో లేదో నేనెలా అడగను? వెళ్ళి కనుక్కుందామంటే పెద్దనర్సు సెలవులో ఉందట. ఆవిడే ఫోన్ చేసి ఉంటే అంతా అయిపోయినట్టే. కాకపోతే ఎవరు? వేరే చోట ఎక్కడా నేను అప్లికేషన్ పెట్టలేదు.

తుమ్ములుకి క్షమాపణ చెప్పాను. నీ ఉత్తరాలన్నీ దాని ముందు పెట్టాను. నీళ్ళ బకెట్టు దగ్గరికొచ్చేసరికి పొట్ట పట్టుకుని మంచం మీద దొర్లింది. 'మీ మావయ్య నాకు కూడా సంబంధం మాట్లాడతాడేమో అడుగు' అంది. కొత్త బ్యాచ్ వచ్చేశారు. నా మంచం ఒక అమ్మాయికి ఇచ్చేశారు, ఉద్యోగమొచ్చింది కాబట్టి తుమ్ములు మాత్రం అద్దె కట్టి ఉంటోంది. ప్రస్తుతం తుమ్ములు మంచం పక్కన నేల మీద పడుకుంటున్నాను, వార్డెన్ చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. ఎన్నాళ్ళు ఊరుకుంటుంది? పెట్టె సర్దే ఉంది.

అత్త గురించి నువ్వు రాసిన ముక్కలు మడిచి నా దగ్గర పెట్టుకున్నాను. నీకు రాయడం బాగానే చేతనవును.

ఫోన్ మోగితే ఎత్తు. భయపడకు. ముందు ఎవరు, ఎందుకు అని అడుగు.

పిచ్చుక


జూలై 31

పిచ్చుకకి,

మొదట ఆ పెద్దావిడ సంగతి తేలింది. ఇస్త్రీ అతను మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. 'మీ అమ్మాయికని మా దూరపు చుట్టాల చేత ఫోన్ చేయిస్తే, జీతం అడిగారట, గ్లౌజులు అడిగారట, ఇంత అవమానమా?' అన్నాడు. అది నిజంగా పెళ్ళి ఫోన్! నేను నర్సు, నర్సు అని చాటుకుంటే అతనే పనిగట్టుకుని చెప్పాడట. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆవిడ 'ఇంటి మనిషికి జీతమేంటి' అన్న మాట నాకింకా గుచ్చుకుంటోంది. మంచిదే అయింది, వాళ్ళకి ఇవ్వను.

తర్వాత నిన్న ఇంకో ఫోన్. 'మీ అమ్మాయి గురించి' అంది ఒకావిడ. నేను వెంటనే, 'అమ్మా, ఆగండి. ముందు ఒక్క ముక్క తేల్చండి. మీకు కావలసింది కోడలా, నర్సింగ్ అసిస్టెంటా?' అన్నాను. పేరు పూర్తిగా పలికాను, చూశావా. ఆవిడ నవ్వలేదు. 'నాకు కొడుకులు లేరు, పేషెంట్లున్నారు' అంది. అయితే అడగండి అన్నాను.

నీ పని ఎలా ఉంటుందని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. మీ అత్తని నువ్వు ఎత్తేముందు ఎప్పుడూ 'అత్తా, లేపుతున్నాను' అని చెప్పేదానివి కదా, మాట పడిపోయినా, వినిపిస్తోందో లేదో తెలియకపోయినా చెప్పేదానివి. అది చెప్పాను. నీళ్ళు నీ మోచేతి మీద పోసుకుని చూశాకే లోపలికి తీసుకెళ్ళేదానివి, అది చెప్పాను. స్నానానికి తలుపు వేసి, నన్ను కూడా లోపలికి రానిచ్చేదానివి కాదు. ఆవిడకి సిగ్గు అనేదానివి. ఇలా చెప్తూ చెప్తూ, ఆ పెద్దనర్సు అడిగింది నీ గురించైతే నేను చెప్పిందంతా మీ అత్త గురించి అయిపోయింది. చేతిలో ఉన్న గుడ్డముక్కతో మొహం తుడుచుకున్నాను. షాపులో ఎవరున్నారో నాకు తెలియదు. ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు.

చివర్లో ఒక ప్రశ్న అడిగింది. 'రేపు మీరే మంచం పడితే, ఈ అమ్మాయి చేత చేయించుకుంటారా?' అంది.

పిచ్చుకా, నిజం చెప్పమన్నావు కదా. చేయించుకోనన్నాను.

ఆవిడ 'ఎందుకు?' అంది. 'మా ఇద్దరిలో ఒకరికి చేసింది, చాలు. నాకు చేస్తే ఏడుస్తూ చేస్తుంది. మీ దగ్గరైతే చేసి, చేతులు కడుక్కుని, వెళ్ళి నిద్రపోతుంది. దానికి అలా చెయ్యడమే కావాలి' అన్నాను. ఆవిడ సరేనండీ అని పెట్టేసింది. మంచిగా సరే అందా, చెడ్డగా సరే అందా, గొంతులో ఏం తెలియలేదు. వద్దన్నానేంటి నేను? ఉద్యోగం వాళ్ళు అడిగితే ఎవడైనా వద్దంటాడా? మళ్ళీ చెడగొట్టానేమో. చెడగొడితే ఇంటికి రా. కాజాలు కుట్టమనను, ఊరికే ఉందువుగాని.

మావయ్య


ఆగస్టు 5

మావయ్యకి,

పెద్దనర్సు పిలిపించింది. వెళ్ళేసరికి ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటోంది. తల ఎత్తకుండానే, 'మీ మావయ్య నీ చేత చేయించుకోనన్నాడు' అంది. అప్పటికి నీ ఉత్తరం నాకు అందలేదు. ఇంక పెట్టె తీసుకుని బస్సెక్కడమే అనుకున్నాను. వెళ్ళొస్తాను మేడమ్ అని గుమ్మం దాకా వచ్చేశాను.

'ఎక్కడికి?' అంది. 'యూనిఫారానికి కొలతలు ఇచ్చి వెళ్ళు. ఆ ప్రశ్నకి ఇన్నేళ్ళలో అందరూ కళ్ళు మూసుకుని చేయించుకుంటామనే చెప్పారు. నువ్వు ఏడుస్తావని చెప్పింది ఆయనొక్కడే.'

సోమవారం నుంచి డ్యూటీ. వెనకవైపు గది ఇచ్చారు, చిన్నది, నాకూ ఇంకొకావిడకీ కలిపి. నేను జుట్టు దువ్విన పెద్దావిడ నన్ను చూసి, 'మళ్ళీ వచ్చావా, లాగకు' అంది. తుమ్ములు వార్డెన్ ఎదురుగానే నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది.

తిరిగొచ్చాక వార్డెన్ నీ ఉత్తరం చేతికిచ్చింది. వరండాలో నిలబడే చదివాను. మావయ్యా, నీళ్ళు మోచేతి మీద పోసుకుని చూసేదాన్నని నాకే గుర్తు లేదు. తలుపు బయట నిలబడి అన్నీ చూశావా? కిటికీలోంచి బయటికి చూస్తున్నావనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఒక్క విషయంలో మాత్రం నీ మాట వినను. నువ్వు మంచం పడితే వస్తాను. ఏడుస్తూనే చేస్తాను, నీ ఇష్టంతో నాకు పని లేదు. సెలవు పెట్టుకుని వస్తాను.

నీ పిచ్చుక